నేను తగ్గించిన వెలుగు

ఈ బరువు మోయబట్టి చాలా ఏళ్లయింది. రోజూ డైరీ రాసేదాన్నే, అందులో కూడా ఈ మాట రాయలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేటప్పుడు నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు హేమ. పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చేది. అంతకుముందు మధ్యాహ్నాలు నేను ఒక్కదాన్నే తినేదాన్ని. ఒకరోజు ఆమె వచ్చి పక్కన కూర్చుని, అడగకుండానే నా డబ్బా మూతలో ఊరిబిండి పచ్చడి వేసింది. అలా మొదలైంది.

మా ఇద్దరికీ కలిపి మా సారు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మనకు దగ్గరలోనే ఉన్న ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం. సూర్యుడికంటే చిన్నది, చల్లనిది. దాని చుట్టూ గ్రహం తిరుగుతుంటే, మనకు అడ్డంగా వచ్చినప్పుడల్లా వెలుగు రవ్వంత తగ్గుతుంది. అంత సన్నని మంటకు దగ్గరగా జరిగి కూర్చున్న గ్రహం మీదే నీళ్లు నిలుస్తాయని హేమ నవ్వుతూ చెప్పేది.

టెలిస్కోపు తీసిన చిత్రాలు సీడీల్లో వచ్చేవి. మబ్బు పట్టినా వెలుగు తగ్గుతుంది కాబట్టి, పక్కనున్న మరో నక్షత్రాన్నీ కొలవాలి. రెండూ తగ్గితే మబ్బు. మరుగుజ్జు ఒక్కటే తగ్గితే, అక్కడేదో ఉన్నట్టు. ఒకరి కొలత చూసి ఇంకొకరు మోసపోకుండా సారు పని విడదీశారు. మరుగుజ్జు హేమది, పక్క నక్షత్రం నాది. పూర్తయ్యేదాకా చూపించుకోకూడదు.

చూడకూడదన్నా ఆమె కాగితం చాటుగా చూశాను. హేమ నక్షత్రం ఒకచోట తగ్గింది. నాది తగ్గలేదు.

గ్రహం జాడ దొరికితే హేమను పరిశోధనకు బెంగళూరు పంపుతానని సారు ముందే అన్నారు. ఇంట్లో ఒప్పించడానికి ఆమెకున్న ఆధారం అదొక్కటే. నేను ఊరు దాటేదాన్ని కానని అందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని నేను ఆలోచించిందల్లా, ఆమె వెళ్లిపోయాక నా పక్కన మిగిలే ఖాళీ గురించే. నా అంకెలు చెరిపి, సరిగ్గా అదే చోట తగ్గించి వేశాను.

"ఏం మే, నీ సుక్క గూడా తగ్గిందా?" అంది హేమ.

"తగ్గింది. మబ్బే."

"బాగా సూసినావా?"

"సూసినాను."

హేమ తన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత నవ్వింది. "మా నాయన సెప్తానే ఉండాడు. ఆకాశంలో యాడ భూమి ఎతుకుతావు, కయ్యిలో కలుపు తియ్యి పో అని."

సారు కూడా నమ్మారు. అబద్ధం చెప్పేంత ధైర్యం నాకుంటుందని ఎవరనుకుంటారు?

చదువు అయ్యాక హేమ పాకాలలో ఒక చిన్న బడిలో లెక్కలు చెప్పడానికి చేరింది. ఆమె దూరం కాకూడదనే చేశాను కదా, మరి ఆమె పక్కన కూర్చోలేక తప్పించుకు తిరిగింది ఎవరు? నేనే. ఇంటికి రమ్మని రెండుసార్లు పిలిచింది. వెళ్లలేదు.

అక్కడ గ్రహం ఉందో లేదో నాకు తెలియదు. ఆ నక్షత్రాలకు మచ్చలుంటాయి, వాటివల్ల కూడా వెలుగు తగ్గుతుంది, మళ్లీ మళ్లీ చూస్తే గాని తేలదు అని ఇన్నాళ్లూ నన్ను నేను జోకొట్టుకున్నాను. మరి ఆ మళ్లీ చూసే వీలును తీసేసింది ఎవరు? లేదని తెలుసుకునే హక్కయినా ఆమెకుండాలి కదా?

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు హేమ కారు. ఆమె ఎదుట ఈ మాట అనగలనో లేదో కూడా తెలియదు. ఇక్కడైతే రాస్తున్నాను. హేమ సరిగ్గానే కొలిచింది. తప్పు అంకెలు నావి, తెలిసి వేసినవి.

రాశాను. ఇన్నేళ్లకు కాస్త ఊపిరి ఆడుతోంది.