యూనా కావలి

పిక్టూ రేవుకు స్కాట్లండు నుంచి తెరచాప ఓడ వస్తోందని తెలియగానే మార్సలీ చేతిలో పని వదిలేసేది. కుండలో పాలు పోసుకుని, ఓట్స్ రొట్టెలు గుడ్డలో కట్టుకుని గట్టు దిగేది.

"మా వదిన బయల్దేరింది. ఈసారైనా పెళ్లికొడుకు దిగుతాడేమో," అనేది పక్కింటి షీలస్.

"దిగితే నీకే ఇస్తాలే. నీ వాడికి పళ్లన్నీ ఊడాయిగా," అనేది మార్సలీ, నడక ఆపకుండా.

ఓడలోంచి మనుషులు దిగేవారు. ఓడ అడుగున గడిపిన ఏడెనిమిది వారాల చీకటి వాళ్ల కళ్లలోంచి ఇంకా పోయేది కాదు. నేల మీద కాలుపెట్టినా సముద్రం మోకాళ్లలో ఊగుతూనే ఉండేది. వాళ్లు పాలు తాగేదాకా ఆగి అప్పుడు మార్సలీ అడిగేది: "ఓరన్ లోయ వైపు వాళ్లెవరైనా ఉన్నారా? అక్కడ ఈమధ్య ఎవరినైనా పాతిపెట్టారా?"

స్కాట్లండు కొండల్లో పుట్టినవాళ్లకు ఆ ప్రశ్న విడమర్చి చెప్పనక్కర్లేదు. శ్మశానంలో చివరగా పాతిన మనిషి ఆత్మే గుమ్మం దగ్గర కావలి కాయాలి, ఇంకొకరు వచ్చి విడిపించేదాకా. ఒకేరోజు రెండు చావులు జరిగితే, తమవాడికి ఆ కావలి తప్పించాలని శవపేటికలు భుజాన వేసుకుని పరుగు పందెం పెట్టుకునే జనం వాళ్లు.

1816లో ఓరన్ లోయ దొర, గొర్రెలు మేపుకోవడానికి, మార్సలీ వాళ్లతో సహా లోయంతా ఖాళీ చేయించాడు. ఓడ ఎక్కడానికి తొమ్మిది రోజుల ముందు మార్సలీ కూతురు యూనా జ్వరంతో పోయింది. ఏడేళ్ల పిల్ల. పాతిపెట్టారు, ఓడెక్కారు. సముద్రం మధ్యలో ఒకరోజు, ఓడ కడుపులో పడుకుని ఉండగా, మార్సలీకి తట్టింది: లోయలో ఇక చనిపోవడానికి మనిషే మిగల్లేదు.

పద్నాలుగేళ్లు గడిచాయి. భర్త ఫార్కర్ అడవి నరికి పొలం చేశాడు, మూడో చలికాలంలో పోయాడు. కొడుకు రూరీ ఇల్లు కట్టాడు, పెళ్లి చేసుకున్నాడు. సాయంత్రాలు ఆవు దగ్గర కూర్చుని పాలు పితుకుతుంటే మార్సలీకి ఇనుప గడియ కదిలిన చప్పుడు వినిపించేది. ఓరన్ శ్మశానం గుమ్మానికున్న, చిన్న చేతులకు అందని గడియ. ఆ చుట్టుపక్కల ఏ ఇంటికీ ఇనుప గడియ లేదు.

ఆ ఆగస్టులో ఓడ దిగినవాళ్లలో ముసలి టోర్మొడ్ ఉన్నాడు. ఒకప్పుడు ఓరన్ లోయ చర్చి ముందు నీళ్లలో పడవ నడిపినవాడు.

"ఎవరూ లేరు తల్లీ," అన్నాడు పాలు తాగి. "చర్చి కప్పు కూలింది. గొర్రెల కాపరి ఒక్కడున్నాడు, వాడి వాళ్లను పట్నంలో పాతుకుంటాడు. మనవాళ్ల తర్వాత ఆ మట్టి ఎవరూ తవ్వలేదు."

ఇంటికి వచ్చి మార్సలీ పెట్టె సర్దింది.

"ఈ దగ్గుతో సముద్రమా? మతి ఉందా అమ్మా?" అన్నాడు రూరీ.

"దూలాలు ఎక్కించుకుని ఓడ తిరిగి పోతోందిగా. వాటితోపాటు నేనూ."

"వెళ్లి ఏం చేస్తావ్?"

"పోతాను."

"నిన్నెవరు పాతిపెడతారు?"

"ఆ కాపరీ మనిషేగా. నాలుగు పారల మట్టి వేయడా?"

"నీ తర్వాత ఎవరొస్తారమ్మా? ఎప్పటికీ నువ్వే నిలబడిపోతావు."

"నిలబడతా."

"నాన్న ఇక్కడున్నాడు. నేనిక్కడున్నా."

"మీ నాన్న పక్కన పదిమంది పడుకున్నారు. నీకు పెళ్లాం ఉంది. యూనాకి ఎవరున్నార్రా? చీకటి పడితే పెరట్లోకి కూడా ఒంటరిగా వెళ్లేది కాదు."

రూరీ పెట్టె భుజానికెత్తుకున్నాడు.

ఓడ అడుగున మనుషులు పడుకుని వచ్చిన చెక్క అరలన్నీ పీకేసి, వాటి చోట పైన్ దూలాలు పేర్చారు. వాటి మీద కూర్చుంటే పచ్చి జిగురు వాసన వేసింది. పైన చాప విప్పుకున్న చప్పుడు. ఓడ తూర్పుకు తిరిగింది. మార్సలీ శాలువా కప్పుకుని, పక్క గదిలో పిల్లతో చెప్పినట్టు మెల్లగా అంది:

"కాసేపు కూర్చోవే. వస్తున్నా."