మూల నల్లచేసిన చీటీ

యుద్ధకాలంలో నేను పుంగనూరులో ఒక చిన్న మిషన్ డిస్పెన్సరీలో నర్సుగా ఉండేదాన్ని. మదనపల్లెలో పెద్దాసుపత్రి, కుప్పంలో దిక్కులేని పిల్లల ఇల్లు ఉండేవి. మూడుచోట్లా ఒకే ప్రార్థన చేసేవాళ్లం గానీ ఒకరి ఊసు ఒకరికి తెలిసేది కాదు. మేం పంపిన రోగి మదనపల్లెకు చేరిందో లేదో మాకు తెలియదు. ఆమె వెనక మిగిలిన బిడ్డల సంగతి కుప్పంవాళ్లకు తెలియదు. దీన్ని చక్కదిద్దడానికి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ రెండు రోజులు కూర్చుని, బోలెడంత టీ తాగి, ఒక చీటీని కనిపెట్టింది.

ఎవరిని ఎవరి దగ్గరకు, ఎందుకు పంపుతున్నామో అందులో రాయాలి. అవతలివాళ్లు తిరుగు చీటీ పంపాలి. ప్రాణం మీదికొచ్చిన కేసైతే గుమాస్తా కంట పడేలా చీటీ మూలకు నల్ల సిరా పూయాలి. ఈ ఆలోచన అధ్యక్షురాలైన దొరసానిది. ఆమెకు తెలియదంటే సరే. నాతో కలిపి తెలుగువాళ్లం ముగ్గురం ఉన్నాం ఆ కమిటీలో. మూల నల్లగా ఉన్న ఉత్తరం చావు కబురనీ, దాన్ని ఇంట్లోకి తేకుండా వాకిట్లోనే చింపేసి తలమీద నీళ్లు పోసుకుంటారనీ మాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. ముగ్గురం భేషుగ్గా ఉందని తలలూపాం.

సోమల దాటాక ఉన్న పల్లెనుంచి ఒక రైతు కోడలు దగ్గుతో వచ్చింది. ఇరవై ఏళ్లు దాటి ఉండవు, చంకలో బిడ్డ. కఫం పరీక్షకు ఇచ్చి ఇంటికి వెళ్లిపోయింది. వారానికి మదనపల్లెనుంచి జవాబు వచ్చింది. క్షయే, వెంటనే పంపండి, పదిహేను రోజులు మంచం ఆపి ఉంచుతాం, ఆలస్యమైతే మా చేతుల్లో లేదు అని. బిడ్డను ఉంచుకోవడానికి కుప్పంవాళ్లు ఒప్పుకున్నారు. నేను చీటీ రాశాను. ఏ పనీ సగంలో వదిలే అలవాటు లేదు నాకు, మూలంతా దట్టంగా సిరా పూసి, ఆమె ఇంట్లో ఇమ్మని సోమల బస్సు కండక్టరు చేతికిచ్చాను.

ఆమె రాలేదు. తిరుగు చీటీలు మాత్రం వచ్చాయి. రోగి రాలేదని మదనపల్లెనుంచి, బిడ్డ రాలేదని కుప్పంనుంచి. ఎవరూ రాలేదన్న సంగతి మూడు ఊళ్లకూ ఒకే వారంలో తెలిసిపోయింది. కమిటీ చాలా సంతోషించింది.

ఇరవయ్యో రోజున కోడలిని, బిడ్డను వెంటబెట్టుకుని అత్త మా డిస్పెన్సరీ మెట్లెక్కింది.

"సచ్చినోళ్లెవురో నువ్వన్నా సెప్పమ్మా," అంది. "ఇరవై దినాలుగా ఎతకతాండాము. ఒగరూ దొరకలా."

విషయం తెలియడానికి కాసేపు పట్టింది. కండక్టరు చీటీ ఇవ్వగానే ముసలమ్మ మూల చూసి అక్కడికక్కడే చింపేసింది. చదివించలేదా అంటే, మూల నల్లగుంటే ఇంక చదివేదేముంది అని నన్నే అడిగింది. జ్వరంతో ఉన్న కోడలితో సహా ఇంటిల్లిపాదీ చన్నీళ్లు పోసుకున్నారు. తమ వైపు అందరూ కళ్లెదుటే ఉన్నారు కాబట్టి పోయింది కోడలి అన్నే అయ్యుండాలని తేల్చుకుని, ఏడ్చుకుంటూ కుప్పం వెళ్లారు. ఆయన వాకిట్లో కూర్చుని రాగిముద్ద తింటున్నాడు. మొదట కోప్పడి, తర్వాత కోడిని కోయించి, అయితే కలకడలో ఉన్న మేనత్తేమో అని తనూ బయల్దేరాడు. కలకడ మేనత్త వేరుశెనక్కాయలు ఒలుస్తూ ఎదురొచ్చింది. తను బతికి ఉన్నందుకు వీళ్లు కొంచెం నిరాశపడ్డారని ఆమెకు ఇప్పటికీ కోపమేనట. అట్లా చుట్టాలందరి ఇళ్లూ తిరిగి, అందరూ క్షేమమేనని రూఢి చేసుకుని, చివరికి కండక్టరును పట్టుకుంటే నా పేరు చెప్పాడు.

నేను పడీపడీ నవ్వాను. నవ్వుతూనే మెట్టు మీద కూర్చున్న కోడలివైపు చూశాను. గోడకు తల ఆనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కొంగున నెత్తురు. నా మీద నాకే అసహ్యం వేసింది.

డిస్పెన్సరీకి తాళం వేసి ముగ్గురినీ బస్సెక్కించి నేనూ ఎక్కాను. మదనపల్లెలో గుమాస్తా చీటీ ఏదన్నాడు. అక్కడే రాశాను. మూలకు సిరా పూయబోతే ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. సరేనని తెల్లగానే ఇచ్చాను. మూల నల్లగా లేదు కాబట్టి ఇది మామూలు కేసు, వచ్చే వారం రమ్మన్నాడు. సిరాబుడ్డి తీసి అతని రిజిస్టరు మీద బోర్లించాను. ఆ గొడవకు డాక్టరు బయటికొచ్చి చూసి, ఆపిన మంచం వేరేవాళ్లకు ఇచ్చేశారు గనక వరండాలో పడక వేయించారు. ఒక ఊపిరితిత్తి పూర్తిగా పోయిందనీ, రెండోది దక్కవచ్చనీ చెప్పారు. మూడు వారాల ముందైతే రెండూ దక్కేవని కూడా అన్నారు.

తర్వాతి కమిటీ అక్కడే జరిగింది. నలుపు బదులు ఎరుపు పెడదామని ఒకరు, ఆకుపచ్చ మేలని ఒకరు గంటసేపు వాదించుకున్నారు. నాకు ఒళ్లు మండి లేచి వరండాలోకి పోయాను. ఆమె మేలుకునే ఉంది. చీటీ ఎట్లా ఉంటే నువ్వు వచ్చేదానివి అని అడిగాను.

ఊపిరి కూడదీసుకోవడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

"కాగితం యాల పంపిస్తివమ్మా?" అంది. "నువ్వే ఒగసారి వచ్చింటే సరిపోయుండు గదా."

నిష్ఠూరంగా అనలేదు, తెలుసుకుందామనే అడిగింది. నేను వెళ్లగలిగేదాన్నే. వెళ్లాలని నాకు తోచనే లేదు. ఆ మాటే ఆమెకు చెప్పాను.