ఖాళీ అన్న చెట్లు

చెట్లు కొట్టేవాణ్ణి ఎవరైనా డాక్టరంటారా? ఆ చుట్టుపక్కల రైతులు అన్నారు, ముప్ఫై ఏళ్ళు అదే పేరుతో పిలిచారు. కారణం లేకపోలేదు. ముసలి చెట్టు కొట్టమంటే ముందుగా గొడ్డలి వెనకవైపుతో మూడు దెబ్బలు తట్టి, మానుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. తొర్రలో రెక్క కదిలినా, గోరు గీసినా పట్టేసేవాడు. "ఉన్నాయి, పిల్లలు ఎగిరాక వస్తా" అనో, "ఖాళీ" అనో చెప్పేవాడు. రైతులకి పిట్టల మీద జాలి పొంగిపొర్లిందనుకోకండి. తొర్రలో గుడ్లగూబ ఉంటే చేలో ఎలుక ఉండదు, అంతే.

ఆ ముప్ఫై ఏళ్ళూ ఆ చెవుల పక్కనే మిషను రంపం అరిచింది. అరిచి అరిచి చెవుల్ని తినేసింది. ఎడమది పూర్తిగా పోయింది, కుడిది పోనా వద్దా అంటోంది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. రంపం పట్టే చేతులు ఎవరికైనా ఉంటాయి, ఆయన్ని పిలిచేది ఆ చెవి కోసమే కదా. తోడుగా తాడు లాగే భార్య కూడా కనిపెట్టలేదు. పెళ్ళాం మాట వినపడని మగాడు లోకంలో ఆయనొక్కడే కాదు కనుక ఆవిడ పట్టించుకోలేదు.

వరసగా నాలుగు చెట్లు ఖాళీ అన్నాడు. నాలుగు ముసలి చెట్లు వరసగా ఖాళీగా ఉంటాయా? ఆయనకి తెలియదా? నాలుగోది కూలినప్పుడు తొర్రలోంచి మూడు గుడ్లగూబ పిల్లలు పడ్డాయి, ఇంకా ఈకలైనా రాలేదు. భార్య చూసేలోపల గొయ్యి తీసి పూడ్చేశాడు. తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. "అలిసిపోయాను" అన్నాడు. అదొక్కటే నిజం. ఆ అలసట పంట చేతికొచ్చే రోజులకి కూడా తీరలేదు.

ఈసారి పిలిచింది ఆ నాలుగో చెట్టు రైతుగారి చెల్లెలు. చెట్టు సగం ఎండి మోటారు గది మీదికి వాలింది.

"చూడవయ్యా డాక్టరూ, లోపల ఏమైనా ఉంటే ఆగుదాం," అని కేకేసింది రైతమ్మ, అవతల గట్టు మీద నుంచే.

తట్టాడు. చెవి ఆనించాడు. బెరడు చెంపకి చల్లగా తగిలింది, అంతే. అలాగే చెట్టుకి ఆనుకుని పడుకుందామనిపించింది ఆయనకి.

"ఖాళీయే అమ్మా," అని కేకేశాడు.

రంపం స్టార్టు చేసే తాడు లాగబోతుంటే భార్య కుడి పక్కకి వచ్చి చేయి పట్టుకుంది. ఆవిడ అప్పటిదాకా పదడుగుల దూరంలో తాడు విప్పుతోంది.

"ఏం ఖాళీ? పాముల్లా బుసకొడుతున్నాయి పిల్లలు. నాకు అక్కడికే వినపడుతోంది."

ఆయన మళ్ళీ కుడి చెవిని మానుకి అదిమిపెట్టాడు. ఏమీ లేదు. భార్య ఆయన ముఖం చూసింది, ఇక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. కుడి చెవి దగ్గరగా వచ్చి, "రంపం పాడైందని చెప్పు. ఇక నుంచి నేను వింటా, నువ్వు చెప్పు. ఎవరికీ తెలియదు," అంది.

మంచి ఉపాయమే. పనీ ఉంటుంది, పేరూ ఉంటుంది. కానీ దాచి దాచి విసిగిపోయాడాయన, సిగ్గుతో చచ్చిపోతున్నాడు. రంపం కింద పెట్టి రైతమ్మ దగ్గరికి నడిచాడు.

"అమ్మా, నాకు చెవులు పోయాయి. ఈ చెట్టులో పిల్లలున్నాయి. మీ అన్నగారి చెట్టులోనూ ఉండేవి. ఖాళీ అని చెప్పి చంపేశాను."

రైతమ్మ గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడింది. ఆవిడ పెదాలు కదలడం తప్ప ఆయనకేమీ అందలేదు. వెనకే వచ్చిన భార్య వైపు తిరిగాడు.

"ఏమంటోంది?"

భార్య ఆయన కుడి చెవిలో చెప్పింది, ఒక్క మాటా దాచలేదు. "వాళ్ళన్న చేలో సగం పంట ఎలుకల పాలైందట. ఎందుకో ఇప్పుడు తెలిసిందట. ఇంకెప్పుడూ నిన్ను డాక్టరని పిలవనంటోంది. పిల్లలు ఎగిరిపోయాక వచ్చి చెట్టు కొట్టమంటోంది. వినడం మాత్రం నన్ను వినమంటోంది."

"సరే అని చెప్పు."

"నువ్వే చెప్పు. ఆవిడకి వినపడుతుంది."