బ్యాంకు తలుపు మూసిన పిల్ల

ఆ రోజుల్లో నాకు నోరు ఎక్కువ, జీతం తక్కువ. గిద్దలూరులో బీకాం పూర్తిచేసి, మార్కాపురం బస్టాండు పక్కనున్న మా చాచా టీ దుకాణంలో లెక్కలు చూసేదాన్ని. (లెక్కలంటే పెద్దగా ఏమీ లేవు, ఎవరెన్ని టీలు అప్పు తాగారో గుర్తుపెట్టుకోవడమే.) చాచా డబ్బంతా ఒక బిస్కెట్ డబ్బాలో దాచేవాడు. నేనే వెంటపడి, బతిమాలి, చివరికి అలిగి ఆయన చేత దుకాణం ఎదుటి బ్యాంకులో ఖాతా తెరిపించాను. రోజూ చిన్న నోట్లన్నీ కట్టలు కట్టి జమ చేసి రావడం నా పని. "పైసా ఖర్చు లేదు చాచా, ఊరికే దాచిపెడతారు" అని హామీ ఇచ్చింది కూడా నేనే.

కొన్నాళ్లు నిజంగా ఊరికే దాచిపెట్టారు. ఒకరోజు పాస్‌బుక్కు ప్రింటు వేయించుకొస్తే, నోట్లు లెక్కపెట్టినందుకని కొంత, దాని మీద పన్నని ఇంకొంత కోత పడి ఉంది. చాచా కళ్లజోడు పైకీ కిందకీ జరిపి చూశాడు.

"ఏంది బేటీ ఇది? మన డబ్బు మనం పోయి ఇచ్చొస్తే మనకే ఖర్చా? నా డబ్బా ఎన్నడన్నా నన్ను డబ్బులడిగిందా?"

"నేను పోయి మాట్లాడతా చాచా."

"మాట్లాడు. కోసిన డబ్బు తిరిగొస్తే సరే. రాకుంటే ఖాతా మూసేస్తా. నువ్వు ఇంటికాడ మీ అమ్మీకి సాయంగా ఉందువుగాని."

ఆ చివరి మాట గుచ్చుకుంది. ఇంటికాడ సాయమంటే ఉల్లిపాయలు కోయడం. బీకాం చదివింది అందుకు కాదు గదా. మర్నాడు ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని, అద్దం ముందు ఇంగ్లీషులో రెండు వాక్యాలు వల్లించి బయల్దేరాను. కౌంటర్ దగ్గరికి చేరేసరికి మొదటి వాక్యం మర్చిపోయి రెండోదానితో మొదలుపెట్టాను. (ఆ రెండోది 'థాంక్యూ సార్'.) క్లర్కు తలెత్తకుండానే వెల్‌కమ్ అన్నాడు. ఇక లాభం లేదని నేరుగా మేనేజరు గదిలోకి పోయి తెలుగులోనే అడిగేశాను.

ఆయన కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. "కొత్త రూలమ్మా. తలుపు దగ్గర నోటీసు పెట్టాం కదా" అన్నాడు.

"యాడ సార్? రోజూ ఆ తలుపులోంచే వస్తా, నాకు కనపడలా."

చూపిస్తానని ఆయనే లేచి వచ్చాడు. పింఛను కోసం నిలబడ్డ అవ్వలూ తాతలూ తలలు తిప్పి చూశారు. కనిపించినంత మేర గోడ మీద నోటీసు లేదు. తీరా చూస్తే, పొద్దున్నే బార్లా తెరిచే ఆ ఇనుప తలుపుకూ గోడకూ మధ్య సందులోంచి కాగితం అంచు ఒకటి తొంగిచూస్తోంది. నాకు ఒళ్లు మండింది. రెండు చేతులా తలుపు లాగాను. దబ్బున మూసుకుంది, గడియ కూడా పడిపోయింది. గోడ మీద నోటీసు ఎవరి చూపూ సోకక కొత్తగా మెరుస్తోంది.

"చూడండి సార్. ఇది చదవాలంటే బ్యాంకు మూసినాక లోపలుండాల. మూసినాక లోపలుండేది మీరన్నా, దొంగలన్నా."

"పాప చెప్పేది న్యాయమే గదా నాయనా" అంది వరుసలో ఒక అవ్వ.

ఇంతలో బయట కేకలు మొదలయ్యాయి. పట్టపగలు బ్యాంకు తలుపు మూతపడితే ఊరుకుంటారా? "బ్యాంకు మూసేసినారంట" అని ఒకరంటే పదిమంది తలుపు బాదుతున్నారు. అందులో చాచా గొంతు గుర్తుపట్టాను. మేనేజరు చెమట తుడుచుకుంటూ తలుపు తియ్యమన్నాడు. నేను తలుపుకు వీపు ఆనించి, "మరి మా కోత సంగతి?" అన్నాను. (ధైర్యం అనుకునేరు, ఇంటికాడి ఉల్లిపాయలు గుర్తొచ్చాయి.)

"కనపడకుండా పెట్టడం మా తప్పేనమ్మా. వెనక్కి వేయిస్తాను. ముందు మీరు పక్కకు జరగండి."

తలుపు తీసేసరికి ఎదురుగా చాచా, చేతిలో టీ వడగట్టే గుడ్డ, చుక్కలు కారుతూ.

"నా డబ్బు భద్రమేనా బేటీ?"

"భద్రమే చాచా. కోసింది గూడా తిరిగొస్తాది."

"మరి తలుపెవరు మూసినారు?"

"నేనే."

చాచా నన్నొకసారి ఎగాదిగా చూసి, వెనకున్న జనం వైపు తిరిగాడు. "మా పిల్లే మూసింది. బీకాం" అన్నాడు.

ఖాతా నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. నోటీసు కౌంటర్ పైకి వచ్చింది. ఆ తర్వాత ఛార్జీ మామూలుగానే పడింది లెండి. చెప్పి తీసుకుంటే సరేనని చాచా గొణుక్కోకుండా కట్టాడు.

ఇప్పుడు ఆ బ్యాంకు నా ఫోన్‌లోనే ఉంది. ఏదో కోత పడిందని మెసేజ్ వస్తే, అచ్చం చాచాలాగే కళ్లజోడు పైకీ కిందకీ జరిపి చదువుతాను. అప్పుడు ఆ చుడీదార్ పిల్ల గుర్తొస్తుంది, గర్వంగానే ఉంటుంది. వేలితో అటూ ఇటూ జరిపి చాలాసేపు వెతుకుతాను గానీ, మూద్దామంటే తలుపే కనపడదు.