నూనె రాసిన చోటే సూది

సహోదరీ సహోదరులారా, మైకు ముందు నిలబడటం నాకు కొత్త, మాట తడబడితే క్షమించండి. మా పాప కెజియాకు ఏడేళ్లకే షుగర్ వచ్చింది, రోజూ ఇన్సులిన్ సూదులు వేయాలి, మానితే బిడ్డ దక్కదని డాక్టరుగారు చెప్పిన రోజున ఆసుపత్రి మెట్ల మీదే మోకరించాను!

ఆ వారమే మన సంఘంలోని అమ్మలు పూరీ గేట్ రైల్వే పేటలోని మా ఇంటికి వచ్చి, పాప పొట్టకు ఎడమవైపు ప్రార్థన నూనె రాసి కన్నీళ్లతో ప్రార్థించారు. చోట్లు మారుస్తూ వేయమని ఆసుపత్రిలో చెప్పినా, మొండిదాన్ని కదా, అది దేవుడు ముట్టిన చోటని ప్రతి సూదీ అక్కడే వేశాను. కొన్నాళ్లకు పాపే "అమ్మా, అక్కడే పొడు, నొప్పెట్టదు" అనేది. నేను పొంగిపోయి స్తోత్రం చెప్పుకున్నాను.

కానీ షుగర్ ఒకరోజు ఆకాశానికి, ఒకరోజు పాతాళానికి! డోసు పెంచారు, అయినా నిలవలేదు. ఒకనాడు పాప బడిలో కళ్లు తిరిగి పడిపోయింది. "ప్రభువా, ఆ చోటి నుంచి నీ చెయ్యి తీసేశావా?" అని ఉపవాసముండి ఏడ్చాను.

ఆయన జవాబు ఆసుపత్రిలో ఒక నర్సమ్మ వేలికొనలో ఉంది. మన రైల్వేవాళ్ల ఆడపిల్లే, పాప పొట్ట తడిమి, "ఏటమ్మా, ఈ గడ్డేటి? ఒక్క సోటే పొడిసేత్తన్నావా? గడ్డలోకెల్లిన మందు సరిగ్గా పన్సెయ్యదు. నొప్పి తెలకపోడం కూడా అందుకే" అంది. నేను అద్భుతమనుకున్నదే నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది! గడ్డలేని చోట మందు బాగా పనిచేస్తుందని డాక్టరుగారు డోసు తగ్గించి, షుగర్ తరచుగా చూడమన్నారు.

కొత్త చోట నొప్పికి పాప ఏడ్చి దగ్గరికి రానివ్వలేదు. అప్పుడు వర్క్‌షాపులో పనిచేసే మా ఆయన క్యాలెండరు వెనక డ్యూటీ చార్టు గీశారు: పొట్ట కుడివైపు ఒక వారం, ఒక్కో తొడ ఒక్కో వారం, ప్రతి సూదీ ముందుదానికి వేలి వెడల్పు దూరంలో, గడ్డ కట్టిన వైపుకి లాంగ్ లీవు! పాప నవ్వేసింది.

"నానా, ఈ వారం ఎవులికి డ్యూటీ?"

"కుడికాలికమ్మా. ఎడంకాలికి రెస్టు."

సహోదరులారా, షుగర్ పోలేదు, సూది పోలేదు. కానీ షుగర్ అదుపులోకి వచ్చింది, నా భయం పోయింది, పాప మళ్లీ బడికి వెళ్తోంది, దేవునికే మహిమ! సూది పట్టుకుని చేతులు వణికే అమ్మలు ఇక్కడుంటే, ప్రార్థన మానకండి, మందూ మానకండి, నర్సమ్మ చెప్పే మాట వినండి, ఆ నోటితోనూ ప్రభువు మాట్లాడతాడు. ఇప్పుడు ప్రార్థన నూనె పాప నుదుటికే రాస్తున్నాను. ఈ ఉదయం అది కళ్లు మూసుకుని ఇలా ప్రార్థించింది: "యేసయ్యా, కుడికాలికి కొంచెం నొప్పెడతాది. నువ్వు నా సెయ్యి పట్టుకో, అమ్మ సెయ్యి కూడా."