నాది కాని మిరపకాయకు నా డిజిటల్ సంతకం

నేను లెక్కల మనిషిని. గుంటూరులో ఒక మిర్చి కమిషన్ కొట్టుకు పద్దులు చూస్తాను. పాలవాడు రాని రోజు కూడా నా డైరీలోకి ఎక్కుతుంది. ఇంత జాగ్రత్త గల మనిషి కట్టుకున్న భార్య గీసిన బొమ్మను తానే కాజేసి, ఆ కాజేతకు చట్టం కొట్టిపారేయలేని రుజువును తానే సమర్పించుకున్న వైనం ఇది. దొంగలు వేలిముద్రలు పడకుండా చూసుకుంటారు. నేను వేసి, సరిగ్గా పడ్డాయా లేదా అని మళ్ళీ చూసుకున్నాను.

మా ఆవిడ పద్మ సత్తెనపల్లిలోని పుట్టింటి నుంచి మిరపకాయలు తెప్పించి, కారం పట్టించి, ప్యాకెట్లు కట్టి అమ్మేది. ప్యాకెట్టు మీదికి బొమ్మ కూడా తనే గీసింది: గాజుల చెయ్యి, వేళ్ళ మధ్య వేలాడే ఎండుమిరపకాయ. కొనేవారు పేరు అడిగేవారు కాదు, 'చెయ్యి బొమ్మ కారం' అనేవారు. ఆ బొమ్మ పోతే వ్యాపారం పోయినట్టే. కనుక దానికి కాపీరైట్ నమోదు చేయించాలని నేనే పూనుకున్నాను. అక్కడిదాకా నా బుద్ధి సవ్యంగానే ఉంది.

దరఖాస్తుతోపాటు, బొమ్మ ఎవరు గీశారో చెప్పే ప్రకటన ఒకటి పంపాలి. పెన్నుతో సంతకం పెట్టినా సరిపోయేదట. అడిగి తెలుసుకుంటే నేను నేనెందుకవుతాను? కొట్టు పని కోసం తీసుకున్న డిజిటల్ సంతకం నా దగ్గర ఉంది. చూడటానికి పెన్‌డ్రైవులా ఉండే టోకెను అది. కంప్యూటరుకు తగిలించి పిన్ నొక్కితే నా పేరు, తేదీ, సెకన్లతో సహా సమయం పడతాయి. నావంటివాడికి అంతకన్నా పండగేముంది? పద్మకూ ఒకటి ఉండాలని పట్టుబట్టాను.

అది ఇచ్చేముందు వీడియో పరీక్ష ఉంటుంది. ఫోను ఎదుట కూర్చుని ఎవరి వివరాలు వారే చెప్పాలి. కానీ మా వైపు ఒక ఆచారం ఉంది: బ్యాంకులో అయినా ఆసుపత్రిలో అయినా భార్యను అడిగిన ప్రశ్నకు భర్తే జవాబు చెబుతాడు. పద్మ నోరు తెరిచేలోగా ఫోను వెనకనుంచి "పద్మావతి అండీ" అన్నాను. తిరస్కరించారు. రెండోసారి ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పుట్టిన తేదీ దగ్గర ఆమె క్షణం తడబడేసరికి, ఊపిరితోపాటు తేదీ కూడా బయటపడింది. వెనకనుంచి ఎవరో చెప్పిస్తున్నారని మళ్ళీ తిరస్కరించారు.

"మీరు కాసేపు వీధిలో నిలబడకూడదా?" అంది పద్మ.

"ఎందుకంత శ్రమ? నా సంతకం ఉందిగా."

"బొమ్మ గీసింది నేను కదండీ."

"కరెంటు బిల్లు నా పేరున వస్తోంది. దీపం నీకు వెలగడం లేదా?"

ఈ ఉపమానం నాకు ఎంత నచ్చిందంటే, ఆ రోజే డైరీలో రాసుకున్నాను. పిదప 'ఈ బొమ్మ గీసినది నేనే' అన్న ప్రకటనకు నా టోకెనుతో సంతకం చేసి, దరఖాస్తు నా పేరునే పంపేశాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. నేను భార్య సొమ్మును నాకే దానం చేసుకున్నాను.

కొన్నాళ్ళకు ఇంకో కారం కంపెనీ అదే చెయ్యి, అదే కాయతో ప్యాకెట్లు దించింది. గాజుల రంగు మాత్రం మార్చారు. పద్మ రెండు ప్యాకెట్లూ పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని లాయరు షమీమ్‌గారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ నా ప్రకటన చదివి, తెల్లకాగితం, పెన్సిలు నా ముందుకు జరిపారు.

"ప్రసాదరావుగారూ, ఒక మిరపకాయ గీయండి."

"ఇప్పుడా?"

"రేపు అవతలి లాయరు కోర్టులో అడిగితే వాయిదా అడుగుతారా?"

గీశాను. నేను బతుకుతున్నదే మిరపకాయల మధ్య. కాగితం మీద మాత్రం జ్వరం వచ్చిన బెండకాయ ఒకటి పడుకుంది. అదేమిటో తెలియడానికి కింద పేరు రాయబోతుంటే పద్మ పెన్సిలు అందుకుంది. "ముందు తొడిమ గీయాలండీ. కాయ దానంతటదే వేలాడుతుంది," అంటూ నాలుగు గీతలు గీసింది. చూస్తేనే తుమ్ము వచ్చేటట్టుంది ఆ కాయ.

"గీసినవాళ్ళదే హక్కు," అన్నారు షమీమ్‌గారు. "ఆవిడ మీకు రాసిచ్చి ఉంటే అది వేరే సంగతి. గీసింది నేనే అన్నారు చూడండి, అక్కడ చిక్కు. తెలిసి అబద్ధం రాస్తే శిక్ష ఉంది."

"ఆ సంతకం నాది కాదంటే?"

"టోకెను ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే."

"పిన్ ఎవరికి తెలుసు?"

"నాకొక్కడికే. పద్మకు కూడా చెప్పలేదు," అన్నాను గర్వంగా.

"ఇంకేం. చేత్తో పెట్టిన సంతకంతో అది సమానం. సెకన్లతో సహా దొరికిపోయారు."

పొరపాటును మనమే ముందుగా ఒప్పుకుని దరఖాస్తు వెనక్కి తీసుకుంటే గండం గడుస్తుందన్నారు. ఈసారి నేను వీధిలో నిలబడ్డాను. పద్మ వీడియో పరీక్ష ఒక్క దెబ్బతో నెగ్గింది. ఆమె పేరున కొత్త దరఖాస్తు వెళ్ళింది. ఆమె దాచుకున్న చిత్తు బొమ్మలు జతచేసి షమీమ్‌గారు నోటీసు పంపితే, అవతలి కంపెనీవారు తమ ప్యాకెట్టు మార్చుకున్నారు.

ఇక చెప్పాల్సింది, వీటన్నిటికన్నా ముందు పంపిన నా ఒప్పుకోలు సంగతి. షమీమ్‌గారు క్లుప్తంగానే రాశారు: 'ఈ బొమ్మ గీసినది నా భార్య పద్మావతి.' పద్మ దాని కింద ఇంకో వాక్యం చేర్చమంది: 'నాకు మిరపకాయ గీయడం రాదు.'

"చట్టానికి ఈ వాక్యం అక్కర్లేదమ్మా," అన్నారు షమీమ్‌గారు.

"ఇంటికి కావాలండీ," అంది పద్మ.

సంతకం చేశాను. అది ఇప్పుడు దేశంలో ఏ న్యాయస్థానంలోనైనా చెల్లుతుంది. కావున పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: మా ఆవిడ వేసిన ముగ్గు గానీ, పెట్టిన ఆవకాయ గానీ, కుట్టిన బొత్తాము గానీ నాదని ఇకమీదట ఎక్కడా చెప్పను. బాగుందని మాత్రం అంటాను. అదీ ఆమె అనుమతి తీసుకునే.