బావగారి పడవకు స్టీలు పంకా

మా వియ్యంకుడి షష్టిపూర్తికి బట్టలతో పాటు పడవ ప్రొపెల్లర్ ఒకటి పళ్ళెంలో పెట్టి ఇచ్చాం. అది ఎంచింది నేనే. పద్ధతిగా, కొలిచి, లెక్క కట్టి మరీ ఎంచాను.

మేముండేది ఏ.ఎస్. రావు నగర్. మా అమ్మాయిని ఇచ్చింది కాప్రాలో, చెరువుకు దగ్గరగా ఉన్న ఇంటికి. వియ్యంకుడి తాతలు ఆ చెరువులో చేపలు పట్టినవాళ్ళు. ఆయన మాత్రం సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. స్టీరింగు చేతిలోంచి పోయిన కొన్నాళ్ళకే ఒక పాత ఫైబర్ పడవా, దాని వెనక తగిలించే పదిహేను హార్స్‌పవర్ మోటరూ సెకండ్ హ్యాండులో కొన్నాడు. చెరువు మీద పరుచుకునే గుర్రపుడెక్కను కొక్కేలతో లాగి, తాళ్ళు కట్టి, గట్టుకు ఈడ్చుకు రావడం ఆయన పెట్టుకున్న పని. పొద్దున గట్టు మీద నడిచేవాళ్ళు కలిసి పెట్రోలు పోయించేవారు.

"బస్సు వోయింది, పడవ వచ్చింది. ఇంట్ల నిలవడం అయితే మీ బావ జాతకంల లేదన్నా" అనేది వియ్యపురాలు.

ఒక వానాకాలం ఆ మోటరు నడి చెరువులో ఆగిపోయింది. ఆయనకు షుగరు. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. మా అల్లుడు ఆఫీసు నుంచి పరుగున వచ్చి, చేపలవాళ్ళ థర్మోకోల్ తెప్ప మీద వెళ్ళి తండ్రిని తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం అందరి ముందూ అన్నాడు.

"నాయినా, ఇంకొక్కసారి ఇది నడుమల ఆగిందనుకో, మోటరు అమ్మేస్త. నువ్వు కోపం చేసినా సరే."

అల్లుడు మాట మీద నిలబడే మనిషి. వియ్యంకుడు చేతిలో ఉన్న గ్లాసును స్టీరింగులా అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. మర్నాడు అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

"నాన్నా, ఆ మోటరు సంగతి నువ్వు చూడు. అది పోతే మామయ్య ఇంట్లో కూర్చోలేరు. కూర్చున్నా మేం చూడలేం."

నేను పని చేసింది ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో, తనిఖీ విభాగంలో. చేతికి వచ్చిన వస్తువును నమ్మకపోవడమే నా ఉద్యోగం. పడవల గురించి నాకేమీ తెలియదు. కానీ తిరిగే ఏ వస్తువైనా ఎక్కడ అరుగుతుందో, ఎక్కడ పట్టేస్తుందో వెతకడం తెలుసు. వెళ్ళి చూశాను. ఆయన పంకా అని పిలిచే ఆ అల్యూమినియం ప్రొపెల్లర్ రెక్కల అంచులు ఎలుక కొరికిన అట్టలా ఉన్నాయి. చెరువు అడుగున రాళ్ళు ఉంటాయి కదా. దాన్ని ఎప్పుడైనా విప్పారా అని అడిగితే, "తిరుగుతుంటే ఇప్పుడెందుకు బావ?" అన్నాడు.

విప్పించాను. ప్రొపెల్లర్ వెనక, ఇరుసు చుట్టూ, గాలిపటాల మాంజా గట్టి ఉండలా చుట్టుకొని ఉంది. సికింద్రాబాదు మేడల మీద తెగిన ప్రతి గాలిపటం దారమూ చివరికి ఏదో ఒక చెరువులో పడుతుందనుకుంటాను. నైలాను దారం, గేరు డబ్బాలోకి నీళ్ళు పోకుండా ఆపే సీలును మెల్లగా కోసేస్తుంది. అప్పుడు నీళ్ళు గేరు నూనెలో కలిసి, నూనె మజ్జిగలా తెల్లబడుతుంది. తెల్లబడితే గేర్ల పని అయిపోయినట్టే. మా అదృష్టం కొద్దీ ఇంకా నూనె రంగు మారలేదు. బ్లేడుతో దారం కోసి తీశాం. రెక్కల అంచులు ఆకురాయితో సమంగా రుద్దాం. ఒక రెక్క దగ్గర పెన్సిలు కదలకుండా పట్టుకొని ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే, మూడు రెక్కలూ పెన్సిలుకు ఒకే దూరంలో పోవాలి. పోకపోతే రెక్క వంగినట్టు. మాది పెద్దగా వంగలేదు. ఇరుసుకు గ్రీజు రాసి, నట్టు ఊడిపోకుండా దూర్చే పిన్ను కొత్తది వేశాం. పాత పిన్ను నిటారుగా చేసి మళ్ళీ వాడకూడదు, ఒకసారి వంచిన తీగ రెండోసారి విరుగుతుంది అని చెప్పాను. ఆయన తల ఊపాడు. తర్వాత మోండా మార్కెట్‌కు కూరగాయలకు వెళ్ళినప్పుడల్లా పక్క సందులో ఒక గుప్పెడు పిన్నులు కొని ఆయనకు ఇచ్చేవాణ్ణి. ఆయన వాటిని పాత వక్కపొడి డబ్బాలో దాచుకునేవాడు.

అరవై నిండుతున్నాయనగా కొత్త ప్రొపెల్లరే ఇద్దామని నాకు తోచింది. ప్రొపెల్లర్ ఎంచేటప్పుడు రెండు కొలతలు చూడాలి. ఒకటి దాని అడ్డం. రెండోది పిచ్. చెక్కలోకి మరమేకు తిప్పితే ఒక చుట్టుకు ఇంత అని లోపలికి దిగుతుంది చూడండి, అలాగే నీటిలో ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ఎంత ముందుకు పోవాలో ఆ దూరమే పిచ్. అది తక్కువైతే మోటరు ఊరికే గిర్రున తిరిగి వేడెక్కుతుంది. ఎక్కువైతే తిరగలేక మూలుగుతుంది. సరైనది ఏదో తెలియాలంటే మోటరును పూర్తి వేగంతో నడిపి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో కొలవాలి.

నాతో పనిచేసిన స్నేహితుడి దగ్గర చుట్లు కొలిచే మీటరు అడిగి తెచ్చుకున్నాను. ఆదివారం వస్తున్నాను, పడవ ఎక్కించండి అని బావగారికి ఫోన్ చేశాను. వెళ్ళేసరికి పడవ తళతళలాడుతోంది. కొక్కేలు లేవు, తడి తాళ్ళు లేవు, చేపలవాళ్ళ కోసం మోసే దాణా బస్తాలు లేవు. కడిగి తుడిచి, నేను కూర్చునే పలక మీద ఉతికిన శతరంజి పరిచి ఉంది. ఆయన కూడా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పడవ తేలిగ్గా దూసుకుపోయింది. మీటరులో చుట్లు ఉండాల్సిన హద్దు దాటాయి. అంటే పిచ్ చాలడం లేదు. అలా లెక్క కట్టి, రాణిగంజ్‌లో పంపుసెట్ల దుకాణంవాడితో చెప్పి, పాతదానికన్నా బాగా ఎక్కువ పిచ్ ఉన్న స్టీలు ప్రొపెల్లర్ తెప్పించాను. స్టీలైతే రాళ్ళకు తరగదు.

షష్టిపూర్తి నాడు మా ఆవిడ దానికి పసుపు రాసి, మూడు రెక్కలకూ బొట్టు పెట్టింది. పళ్ళెం చూసి వియ్యపురాలు మెల్లగా అంది.

"అన్నా, గిది ఇంట్ల పెట్టుకుంటే గాలి వస్తదా?"

అందరూ నవ్వారు. బావగారు మాత్రం దాన్ని రెండు చేతులతో ఎత్తి కళ్ళకద్దుకున్నాడు.

ఆ తర్వాత నేను కుదిరిన ఆదివారమల్లా వెళ్ళి చూసేవాణ్ణి. వెళ్ళే ముందు ఫోన్ చేయడం అలవాటు. "చెప్పకుండా వెళ్ళకు నాన్నా, వాళ్ళు కంగారు పడతారు" అని అమ్మాయి కూడా అంటుండేది. ప్రతిసారీ స్టీలు ప్రొపెల్లర్ కొత్తదానిలా మెరిసేది. ప్రతిసారీ పిన్ను కొత్తది. వెనక ఒక్క పోగు దారం ఉండేది కాదు. ఇంటికి వచ్చి డైరీలో "గీత కూడా లేదు. పిన్ను కొత్తది. చాలా శ్రద్ధ" అని రాసుకునేవాణ్ణి. మా ఆవిడతో కూడా చెప్పేవాణ్ణి.

"మొత్తానికి మీ కంటే చాదస్తం మనిషి దొరికాడు" అనేది.

రాళ్ళ చెరువులో నెలల తరబడి తిరిగి ఒక్క గీత కూడా పడని వస్తువు అంటే ఏమిటో తనిఖీ విభాగం మనిషికి వెంటనే తెలియాలి. వియ్యంకుడి ఇంటి వస్తువును ఎవరూ ఆ కళ్ళతో చూడరు.

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం అది. గాలికి గుర్రపుడెక్క అంతా ఒక మూలకు కొట్టుకొచ్చి పెద్ద చాపలా పేరుకుంది. గట్టు మీద నడిచేవాళ్ళు, మా అల్లుడితో సహా, గొనెసంచులూ దంతెలూ పట్టుకొని నిలబడ్డారు. దాన్ని ఒక్కసారే లాక్కొస్తే అందరూ కలిసి బయటికి తోడేయాలని వాళ్ళ ఆలోచన. నేను అప్పుడే వెళ్ళాను.

"ఇయ్యాల వద్దు బావ" అన్నాడు వియ్యంకుడు. "మీరు వచ్చిండ్రు గదా, ఉత్తగ ఒక రౌండు తిరుగుదాం. గిది రేపు గుంజుత."

"నా కోసం ఆపడమేమిటి బావగారూ? నేనూ ఎక్కుతాను. స్టీలుది ఉందిగా, బ్రహ్మాండంగా లాగుతుంది" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు, గట్టు మీద కొడుకును చూశాడు, తాళ్ళు ఎక్కించాడు.

గుర్రపుడెక్కకు తాడు కట్టి గేరు వేయగానే మోటరు మూలిగింది. పడవ జానెడు కదిలింది. మళ్ళీ కదల్లేదు. మోటరు గొంతు బరువెక్కి, దగ్గి, ఆగిపోయింది. ఆయన తాడు లాగి స్టార్టు చేశాడు. గేరు వేయగానే మళ్ళీ ఆగింది. గట్టు మీద అల్లుడు దంతె కింద పెట్టి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఏమైంది నాయినా?"

వియ్యంకుడి ముఖం మీద చెమట పట్టింది. నా వైపు వంగి గొంతు తగ్గించాడు.

"బావ, ఒక్క మాట చెప్త. మనసుల పెట్టుకోవద్దు."

"చెప్పండి."

"మీ పంకా టాప్ గేరసొంటిది. గిది గుంజాలంటే ఫస్ట్ గేరు గావాలె."

పలక కింద ఉన్న పెట్టె తెరిచాడు. అందులో తువ్వాలులో చుట్టి పాత అల్యూమినియం ప్రొపెల్లర్ ఉంది. రెక్కల మీద నిన్నటి బురద ఉంది.

"రోజూ దీంతోనే నడుపుతున్నారా?"

"రోజూ దీంతోనే. మీ ఫోన్ రాంగనే అది ఎక్కిస్త. మీరు వోయినంక ఇది."

కొత్త పిన్నుల సంగతి అప్పుడు అర్థమైంది. నేను శ్రద్ధ అనుకున్నది ఆదివారం ఆదివారం రెండుసార్లు విప్పి బిగించడం.

"మరి కొనక ముందు కొలిచాను కదా బావగారూ. చుట్లు హద్దు దాటాయి. నా కళ్ళతో చూశాను."

"దాటవా మరి? పడవల ఏమున్నది గా దినం? మీరు వస్తున్నరని అన్ని దించి కడిగిన."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన మొదట భయపడ్డాడు, తర్వాత ఆయనకూ నవ్వు వచ్చింది. నేను లెక్క కట్టింది శతరంజి పరిచిన పడవకు. ఆయన నడిపేది ఏనుగంత గుర్రపుడెక్కను ఈడ్చే పడవను.

"నాయినా, ఆగిపోయిందా?" మళ్ళీ అల్లుడి కేక.

నేను లేచి నిలబడి, "ఆగలేదు బాబూ, ఆపాం. మీ నాన్నగారు నాకు చెరువు చూపిస్తున్నారు" అని అరిచాను. అబద్ధాలు నాకు చేతకావు. గట్టు మీద ఎవరో నవ్వారు కూడా.

"జల్దీ కానియ్ బావ" అన్నాడు వియ్యంకుడు. అంతవరకు ఆయన నన్ను మీరు అనడం తప్ప వినలేదు. "నువ్వు అటు కూసో, వానికి కనిపించకుంట."

గట్టుకు వీపు పెట్టి కూర్చున్నాను. పొరపాటున కూడా స్టార్టు కాకుండా మోటరు తాళపు క్లిప్పు తీసి ఆయన జేబులో వేశాను. మోటరును పైకి వాల్చాం. నట్టు చెరువులో పడితే ఇక అంతే కాబట్టి, నా భుజం మీది తువ్వాలు ప్రొపెల్లర్ కింద జోలెలా పట్టాను. ఆయన పిన్ను ఊడదీసి నట్టు విప్పాడు. నట్టూ దాని కిందటి బిళ్ళా జోలెలో పడ్డాయి. స్టీలుది బయటికి లాగితే, ఆ కాస్త దూరానికే ఇరుసు చుట్టూ అప్పుడే పండగ మాంజా పట్టుకొని ఉంది. వేళ్ళతో పీకి చొక్కా జేబులో కుక్కాను. వెనక ఉండాల్సిన ఇత్తడి బిళ్ళ దాని చోటులో ఉందో లేదో తడిమి చూశాను. ఉంది. అది లేకపోతే ప్రొపెల్లర్ వెళ్ళి గేరు డబ్బాకు ఒరుసుకుంటుంది. పాతది ఎక్కించి, నట్టు బిగించి, వక్కపొడి డబ్బాలోంచి పిన్ను తీసి దూర్చి, దాని కొసలు వంచాం. ఆయన చేతులు బస్సు టైరు మార్చే చేతులు.

ఈసారి గేరు వేస్తే మోటరు మూలగలేదు. తాడు బిగిసింది. గుర్రపుడెక్క చాప మొత్తం, దాని మీద వాలిన రెండు కొంగలతో సహా, మెల్లగా మా వెనక కదిలింది. నడిస్తే అంతకన్నా ముందు గట్టు చేరతాం. అయినా చేరాం.

అల్లుడు తాడు అందుకొని అడిగాడు.

"నిజం చెప్పండి మామయ్యా, ఎందుకు ఆగింది?"

"మాంజా చుట్టుకుంది బాబూ. తీశాం" అని జేబులోంచి పిడికెడు దారం తీసి చూపించాను. అందులో అబద్ధం లేదు, మొత్తం నిజమూ లేదు.

అతను దారం చూశాడు. తర్వాత పైకి వాల్చిన మోటరు వెనక వైపుకు వచ్చి, అంచులు అరిగిన పాత ప్రొపెల్లర్‌ను చూశాడు. పొద్దున తండ్రి మెరిసేది బిగించడం అతను చూసే ఉంటాడు. మా ఇద్దరి తడి చేతులూ, నల్లటి గ్రీజు అయిన నా తువ్వాలూ చూశాడు.

"నాయినా, ఒక్కనివి చెరువులకు వోవద్దు ఇంక. మామయ్య ఉంటేనే పో" అన్నాడు.

మోటరు అమ్మే మాట అనలేదు. వియ్యంకుడు దంతె తీసుకొని, అందరికంటే ముందు గుర్రపుడెక్క తోడడం మొదలుపెట్టాడు.

ఇంటికి వెళ్ళాక అమ్మాయిని అడిగాను, నీకు తెలుసా అని.

"నువ్వు బాధపడతావని మామయ్య దాచారు, ఆయన బాధపడతారని నేనూ దాచాను. ఎవరితో ఏం చెప్పను నాన్నా?" అంది.

అప్పటి నుంచి వారంలో చాలా రోజులు నేను కాప్రాలోనే ఉంటున్నాను. పడవలో నా చోటు ముందు పలక. శతరంజి పరచడం లేదు. పనికి పాతదే బిగిస్తాం, స్టీలుది పెట్టెలో ఉంటుంది. రెక్కల అంచులు నేను రుద్దుతాను, గ్రీజు ఆయన రాస్తాడు. పిన్నుల ఖర్చు బాగా తగ్గింది.

మొన్నొక రోజు ఫోన్ చేయకుండా వెళ్ళాను. చెరువులో ఆ వైపంతా శుభ్రమై నీళ్ళు కనిపిస్తున్నాయి. లాగడానికి ఏమీ లేదు. పడవలో కొక్కేలు లేవు, తాళ్ళు లేవు, మోటరుకు స్టీలు ప్రొపెల్లర్ ఉంది.

"నేను వస్తానని తెలుసా?" అన్నాను అనుమానంగా.

"తెల్వదు. బరువు లేదు గదా ఇయ్యాల. నీ పంకా గిట్లాంటి దినానికే పనికొస్తది. ఎక్కు బావ."

పడవ ముక్కు పైకి లేచింది. ఆయన చొక్కా గాలికి బుంగలా ఉబ్బింది. అవుటర్ రోడ్డు మీద ఖాళీ బస్సు నడిపినట్టుందని గట్టిగా అరిచి చెప్పాడు. నేను పలక పట్టుకొని కూర్చొని, అలవాటు కొద్దీ పెట్టె తెరిచి చూశాను. పాత ప్రొపెల్లర్ లేదు.

"ఇంట్ల పెట్టొచ్చిన" అన్నాడు నా చూపు చూసి. "ఎందుకూ రెండు?"

అదనంగా ఇంకో ప్రొపెల్లర్ లేకుండా నీళ్ళలోకి దిగకూడదు. కనిపించిన పడవవాళ్ళందరికీ నేను చెప్పే మాట అది. అప్పుడు చెప్పలేదు. ఇంటికి వచ్చాక నిద్ర పట్టక, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను.

అటు నుంచి నవ్వు వినిపించింది.

"మంచిగుంది బావ. మొకం మీద చెప్పనీకి ఇంకా నీకు మొహమాటమే."